ఎమ్‌ఐటీ, జీపీఎల్ 2, జీపీఎల్ 3, అపాచీ అన్నీ ఒకే ప్రాజెక్టులో కలిసిపోతే ఏ లైసెన్సు పెట్టాలి?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ముందు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. మీరు శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. ఇద్దరు పాత విద్యార్థులతో కలిసి ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ రాశారు. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పేజీల్లోంచి అక్షరాలు పట్టడం, ప్రెస్సుల్లో మూలుగుతున్న అను ఫాంట్ల ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. కోడు దాచిన చోట, అంటే రెపోలో, మొదట్నుంచీ ఎమ్‌ఐటీ లైసెన్సు ఉంది, రాసినవాళ్ల పేరు ఉంచితే చాలు ఎలాగైనా వాడుకోండి అనేది. లోపల చూస్తే కిటికీలూ బటన్లూ గీసే పైక్యూటీ5, పీడీఎఫ్ పేజీలు తెరిచే పైమ్యూపీడీఎఫ్, అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్, బొమ్మలు సరిచేసే ఓపెన్‌సీవీ, మండలి ఫాంటు, విక్షనరీ నుంచి తెచ్చిన పదాల జాబితా, వీటితో పాటు అనుని యూనికోడ్‌లోకి మార్చడానికి ఎప్పుడో ఎవరో రాసిన జీపీఎల్ 2 కన్వర్టర్ ఫైలు ఒకటి. జీపీఎల్ అంటే, కలిపి బయటికి ఇస్తే మొత్తం సోర్సు (మనం రాసిన కోడు) కూడా అదే షరతులతో ఇవ్వాలనే లైసెన్సు. ఎవరో వచ్చి "మీ లైసెన్సు చెల్లదు" అని ఇష్యూ (రెపోలో ఫిర్యాదు) తెరిచారు. విద్యార్థుల్లో ఒకబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి మెయిళ్లకి జవాబివ్వడం లేదు. విశాఖపట్నం కంపెనీ ఒకటి ఎమ్‌ఐటీ అయితేనే తీసుకుంటామంటోంది. లైసెన్స్ ఫైలు మార్చేసి జీపీఎల్ పెడితే గొడవ తీరుతుందా అని అడిగారు.

తీరదు. ఆ ఫైలు మార్చడం అన్నిటికంటే చివర చేసే పని. అసలు జవాబు ఇది: మీరు రాసిన ఫైళ్లు ఎమ్‌ఐటీలోనే ఉండనివ్వండి. జనం డౌన్‌లోడ్ చేసుకునే మొత్తం ప్యాకేజీని జీపీఎల్ 3 కింద ఇవ్వండి. ఆ పాత కన్వర్టర్ ఫైలు తీసి కొత్తగా రాయించండి. పైమ్యూపీడీఎఫ్ బదులు వేరేది పెట్టండి. బెంగళూరు అబ్బాయి అనుమతి మీరు భయపడుతున్నంత అవసరం లేదు. విశాఖ కంపెనీ సంగతి వేరు, దానికి చివర్లో వస్తాను.

నేను విజయనగరంలో కూర్చుని చేసే పని ఇదే. కంపెనీల కోడు బయటికి వెళ్లేముందు ఏ ముక్క ఎక్కడిది, దాని షరతులేమిటి అని సరిచూడటం. లాయర్ని మాత్రం కాను. డబ్బు చేతులు మారే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించండి.

ఇక కారణాలు. లైసెన్సుల మధ్య పొత్తు రెండువైపులా నడవదు. వంగర దగ్గర సంగంలో సువర్ణముఖి వచ్చి నాగావళిలో కలుస్తుంది, అక్కణ్ణుంచి కిందికి పారేదంతా నాగావళే. ఎమ్‌ఐటీ, దాదాపు అలాంటిదే అయిన బీఎస్‌డీ కోడు, పేటెంట్ల షరతు కూడా ఉన్న అపాచీ 2.0 ప్రాజెక్టులోకి పోతుంది. అపాచీ 2.0 కోడు జీపీఎల్ 3లోకి పోతుంది. జీపీఎల్ 3 కోడు వెనక్కి తిరిగి ఎమ్‌ఐటీలోకి రాదు. మీ రెపో మీద ఎమ్‌ఐటీ అని రాసి ఉన్నా, పైక్యూటీ5ని కలిపి ఈఎక్స్‌ఈ (నేరుగా నడిచే ప్రోగ్రాము ఫైలు) కట్టి జనానికి ఇచ్చిన క్షణం నుంచి ఆ ఈఎక్స్‌ఈకి వర్తించేది జీపీఎల్ 3. పైక్యూటీ అమ్మేవాళ్లు ఇచ్చేది రెండే దారులు: జీపీఎల్ 3, లేదా డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సు.

ఇక్కడ చాలామంది ఇష్యూల్లో కొట్టుకుంటారు. "నేను ఇంపోర్ట్ అని ఒక్క లైను రాశాను, అంతమాత్రాన నా కోడు జీపీఎల్ అయిపోతుందా?" అని. మీరు రాసిన లైన్లు మీవే, వాటికి ఎమ్‌ఐటీ అని రాసుకునే హక్కు మీదే. జీపీఎల్ వచ్చి మీ ఫైలు హెడర్ (పైభాగంలో ఉండే లైసెన్సు రాత) మార్చదు. రెండూ కలిసిన మొత్తాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు ఆ మొత్తానికి జీపీఎల్ షరతులు పాటించాలి, అంతే. అందుకే మీ ఫైళ్లు ఎమ్‌ఐటీలోనే ఉంచమన్నాను. రేపు పైక్యూటీ తీసేస్తే మీ ఫైళ్లకి కొత్తగా ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

అసలు ముల్లు ఆ కన్వర్టర్ ఫైలు. జీపీఎల్ 2 వచ్చింది 1991లో, జీపీఎల్ 3 2007లో. పేరు ఒకటే అయినా రెండూ ఒకదాన్నొకటి ఒప్పుకోవు. జీపీఎల్ 2 ఆరో సెక్షన్ "నేను చెప్పినవి తప్ప ఇంకే ఆంక్షా పెట్టకూడదు" అంటుంది. జీపీఎల్ 3లో పేటెంట్ల గురించీ, పరికరాలకి తాళాలు వేయడం గురించీ కొత్త షరతులున్నాయి. 2004లో వచ్చిన అపాచీ 2.0లో కూడా పేటెంట్ కేసు వేస్తే హక్కు పోతుందనే షరతు ఉంది, అందుకే అది జీపీఎల్ 3తో కలుస్తుంది గాని జీపీఎల్ 2తో కలవదని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. మీ ప్రోగ్రాములో ఒకపక్క పైక్యూటీ5, ఇంకోపక్క టెసరాక్ట్‌ని పిలవడానికి వాడే, అపాచీ 2.0లో ఉన్న పైటెసరాక్ట్. మధ్యలో జీపీఎల్ 2 మాత్రమే అన్న ఫైలు. ఈ మూడూ కలిసిన దాన్ని ఏ లైసెన్సు కిందా చట్టబద్ధంగా ఇవ్వలేరు. మీరు ఎమ్‌ఐటీ తీసి జీపీఎల్ పెట్టినా ఇది అలాగే ఉంటుంది.

అయితే తీసేసే ముందు ఒక్కసారి ఆ ఫైలు పైభాగం జాగ్రత్తగా చదవండి. గిట్‌హబ్ పక్కన చూపించే "జీపీఎల్-2.0" ముద్రని నమ్మకండి. అది లైసెన్సు పాఠం గుర్తుపట్టి పెట్టే ముద్ర. "2 మాత్రమే"నా, "2 లేదా తర్వాతిది ఏదైనా"నా అన్నది దానికి తెలియదు. తేడా తేలేది ఫైలు హెడర్లోనో, ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైలులోనో. "లేదా మీ ఇష్టప్రకారం తర్వాతి వెర్షన్ ఏదైనా" అన్న మాట ఉంటే మీ సమస్య అక్కడికక్కడే పోయింది, జీపీఎల్ 3 ఎంచుకోండి. వెర్షన్ నంబరే లేకుండా ఉత్త "జీపీఎల్" అని ఉంటే? జీపీఎల్ 2 తొమ్మిదో సెక్షన్ ప్రకారం, నంబరు చెప్పకపోతే ఇప్పటిదాకా వచ్చిన వెర్షన్లలో ఏదైనా ఎంచుకోవచ్చు. అక్కడా బయటపడతారు. కాకపోతే పక్కనే జీపీఎల్ 2 పాఠం ఉన్న ఫైలు పెట్టి, హెడర్లో ఏమీ రాయని ప్రాజెక్టులు బోలెడు. అక్కడ సందేహం మిగులుతుంది కాబట్టి రాసినాయన్ని అడగడమే మేలు. ఇంకో పొరపాటు తరచూ చూస్తుంటాను: జీపీఎల్ పాఠం చివర "మీ ప్రోగ్రాముకి ఇలా హెడర్ పెట్టుకోండి" అని ఒక నమూనా ఉంటుంది, అందులో "తర్వాతి వెర్షన్ ఏదైనా" అన్న మాట ఉంటుంది. అది నమూనా మాత్రమే. దాన్ని చూపించి "ఇదిగో, ఉంది కదా" అంటే చెల్లదు.

"2 మాత్రమే" అని తేలితే మూడు దారులున్నాయి.

మొదటిది అడగడం. మెయిల్ చిరునామా పాత కమిట్లలో, అంటే కోడులో చేసిన మార్పుల చరిత్రలో, దొరుకుతుంది. పెద్ద ఉత్తరం రాయకండి. "మీ ఫలానా ఫైలుని జీపీఎల్ 2 లేదా తర్వాతి వెర్షన్ కింద వాడుకోనిస్తారా, 'అవును' అని జవాబిస్తే చాలు" అని రాయండి. ఈ మధ్య ఒక కీబోర్డు ప్రాజెక్టు కోసం ఇలాగే రాస్తే, ఆ పెద్దాయన మర్నాడే రెండు వాక్యాల్లో ఒప్పుకున్నాడు. "ఇంకా ఎవరైనా వాడుతున్నారా దాన్ని!" అని ఆశ్చర్యపోయాడు కూడా. ఆ మెయిల్ పూర్తి హెడర్లతో సహా రెపోలో ఒక ఫోల్డర్లో పడేయించాను. మన కాపీరైటు చట్టం 1957, 30వ సెక్షన్ లైసెన్సు రాతలో ఉండాలంటుంది. ఫోన్లో "వాడుకోండి బాబూ" అంటే సరిపోదు. మెయిల్ సరిపోతుంది, 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రాతని రాతగానే ఒప్పుకుంటుంది.

రెండోది వేరు చేయడం. ఆ కన్వర్టర్‌ని మీ ప్రోగ్రాము లోపలికి ఇంపోర్ట్ చేయకుండా, విడి ప్రోగ్రాముగా ఉంచి, కమాండ్ లైన్లో పిలిచి, ఒక ఫైలు ఇచ్చి ఒక ఫైలు తీసుకోవడం. అలా మాట్లాడుకునే రెండు ప్రోగ్రాములు మామూలుగా విడివిడివే అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా అంటుంది. కానీ ఉన్న కోడుని నిలువునా చీల్చి, లోపలి డేటా అంతా అటూ ఇటూ పంపుకుంటూ "విడి ప్రోగ్రామే" అంటే ఎవరూ నమ్మరు. దాన్ని ఒక్కదాన్నే ఇన్‌స్టాల్ చేసుకుని ఎవరైనా వాడుకోగలరా అని అడిగి చూడండి. మీ కన్వర్టర్ విషయంలో వాడుకోగలరనే అనుకుంటున్నాను. అప్పుడు దాన్ని విడి రెపోలో, దాని జీపీఎల్ 2తోనే పెట్టేయండి.

మూడోది కొత్తగా రాయడం, నా ఓటు దీనికే. ఎందుకంటే మీకు కావలసింది ఆయన కోడు కాదు, అను ఫాంట్లలో ఏ కోడ్‌కి ఏ ముక్క వస్తుందన్న పట్టిక. ఆ పట్టిక ఫాంటులో ఉన్న నిజం, ఆయన సృష్టించింది కాదు. అయితే ఆయన ఫైలు పక్కన తెరిచి పెట్టుకుని పేర్లు మార్చి రాస్తే అది కాపీయే. ఇలా చేయండి: ఆ ఫైలు ఎప్పుడూ చూడని ఒకమ్మాయినో అబ్బాయినో పట్టుకోండి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఏదో ఒక ప్రెస్సులో అనులో చెయ్యి తిరిగిన ఆపరేటర్ దగ్గర కూర్చోబెట్టండి. అనులో దాచిన ఫైలులో ఉండేవి అక్షరాలు కావు, ముక్కలు. తలకట్టు ఒక కోడు, కొమ్ము ఒక కోడు, వత్తు ఒక కోడు, కొన్ని అక్షరాలైతే రెండు మూడు ముక్కలు అతికిస్తే గాని తయారవవు. పైగా ముక్కలుండేది కంటికి కనిపించే వరసలో, మనం పలికే వరసలో కాదు. ఆపరేటర్ చేత అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు వరసగా టైపు చేయించి, ప్రింటు తీయించి, ఫైలులో ఉన్న కోడ్లని ప్రింటు పక్కన రాసుకుంటే పట్టిక మీదవుతుంది. వరస మార్చే తర్కం ఎలాగూ మీ పిల్లలు ఆయన కంటే బాగా రాస్తారు. నోట్‌బుక్కు, ప్రింట్లు పారేయకండి. రేపెవరైనా "కాపీ కొట్టారు" అంటే చూపించాల్సింది అవే.

అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం రెపోలో పెట్టకండి, అవి కమర్షియల్ ఫాంట్లు. టెస్టు కోసం ప్రెస్సు వాళ్లిచ్చిన పెళ్లి కార్డులు కూడా పెట్టకండి. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఉంటాయి. ఇప్పటికే పెట్టేసి ఉంటే డిలీట్ చేస్తే పోదు, గిట్ చరిత్రలో ఉంటుంది. గిట్ ఫిల్టర్-రెపోతో చరిత్రలోంచే తీయాలి.

పైమ్యూపీడీఎఫ్ ఏజీపీఎల్ 3. జీపీఎల్ 3 పదమూడో సెక్షన్ దాన్ని కలుపుకోనిస్తుంది కాబట్టి గొడవ లేదని కొందరంటారు. గొడవ లేదు, కానీ బరువుంది. కలిపిన మొత్తానికి ఏజీపీఎల్ నెట్‌వర్క్ షరతు వచ్చి పడుతుంది. రేపు మీ కాలేజీ లైబ్రరీ వాళ్లు ఈ కోడుని కొంచెం మార్చి సర్వర్ మీద పెట్టి, జనం బ్రౌజర్లోంచి పేజీలు పంపేలా చేస్తే, అలా వాడిన ప్రతి ఒక్కరికీ మార్చిన సోర్సు అందుబాటులో పెట్టాలి. పీడీఎఫ్ పేజీని బొమ్మగా మార్చడానికి మాత్రమే మీరు దాన్ని వాడుతున్నారు. ఆ పని పైపీడీఎఫియమ్2 చేస్తుంది, దాని లైసెన్సు అపాచీ లేదా బీఎస్‌డీ, మీ ఇష్టం. మార్చాల్సింది గట్టిగా ఒక ఫంక్షన్. ఇది బేగి చేసేయండి, ఆలోచించాల్సిందేమీ లేదు.

ఓపెన్‌సీవీ గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. 4.5.0 వెర్షన్ నుంచి అది అపాచీ 2.0, అంతకు ముందు బీఎస్‌డీ. అంటే కోడు ఒక్క లైను మారకుండా, వెర్షన్ నంబరు పెంచినందుకే పొత్తు చెడవచ్చు. జీపీఎల్ 2 మాత్రమే ఉన్న ప్రాజెక్టులు అప్పుడు ఇరుక్కున్నాయి. మీరు జీపీఎల్ 3 వైపు పోతున్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇంకొకటి: పిప్ అనే పైథాన్ సాధనంతో తెచ్చుకునే ఓపెన్‌సీవీ ప్యాకేజీ లోపల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో లైబ్రరీ కూడా వస్తుంది, అది ఎల్‌జీపీఎల్ 2.1, జీపీఎల్‌లోనే కొంచెం సడలించిన రకం. పిప్-లైసెన్సెస్ లాంటి సాధనం చూపించే పట్టికలో అది కనిపించదు, ఎందుకంటే అది ప్యాకేజీ రాసినవాళ్లు చెప్పుకున్న పేరే చూపిస్తుంది. ఒక కంపెనీకి కోడు చూసినప్పుడు పట్టిక అంతా పచ్చగా ఉంది. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లోకి వెళ్లి డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాముతో పాటు వచ్చే లైబ్రరీ ఫైళ్లు) ఒక్కొక్కటీ చూస్తే గాని అసలు లెక్క బయటపడలేదు. స్కాన్‌కోడ్ అనే ఉచిత సాధనం ఫైళ్ల లోపలికి వెళ్లి వెతుకుతుంది. ఒకసారి మీ బిల్డ్ ఫోల్డర్ (ఈఎక్స్‌ఈ తయారయ్యేచోటు) మీద నడపండి. రెపో మీద కాదు, బిల్డ్ ఫోల్డర్ మీద. జనం చేతికి వెళ్లేది అదే కదా.

ఈఎక్స్‌ఈని పైఇన్‌స్టాలర్‌తో కడుతున్నామని రాశారు. అది జీపీఎల్ అని కంగారుపడకండి, దానితో కట్టిన ప్రోగ్రాములకి అది వర్తించదని అందులోనే మినహాయింపు రాసి ఉంది.

ఇక బెంగళూరు అబ్బాయి. అనుమతి కావాలా వద్దా అన్నది మీరు ఎటు పోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అతను రాసేటప్పటికి రెపోలో ఎమ్‌ఐటీ ఉంటే, అతని కోడు మీకు ఎమ్‌ఐటీ కిందే వచ్చింది. గిట్‌హబ్ షరతుల్లోనే ఆ మాట ఉంది: లైసెన్సు ఉన్న రెపోకి ఎవరైనా కోడు పంపితే అదే లైసెన్సు కింద పంపినట్టు. ఎమ్‌ఐటీ కోడుని జీపీఎల్ 3 ప్యాకేజీలో చేర్చడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, కాపీరైటు లైనులో అతని పేరు చెరపకుండా ఉంచితే చాలు. అదే మీ రెపో జీపీఎల్ అయ్యుండి ఎమ్‌ఐటీకి మారాలనుకుంటే కథ వేరు. అప్పుడు ప్రతి ఒక్కరి "అవును" కావాలి, లేదా వాళ్లు రాసింది పీకి మళ్లీ రాయాలి.

అది ఎంత కష్టమో పెద్ద ప్రాజెక్టులు చూశాయి. నెట్‌లో పోయే సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ పాత లైసెన్సులో "ప్రకటనల్లో మా పేరు చెప్పాలి" అన్న షరతు ఉండి జీపీఎల్‌తో పొసిగేది కాదు. అపాచీ 2.0కి మారదామని 2017లో దాదాపు 400 మందికి మెయిళ్లు పంపారు. "జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటాం" అన్న మాట అందులో ఉండేసరికి పెద్ద దుమారం లేచింది. మౌనాన్ని అంగీకారం అనుకోడానికి ఇదేం పెళ్లిచూపులు కాదు. కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ వచ్చింది 2021లో. వీడియో ప్లేయర్ వీఎల్‌సీది ఇంకో రకం. 2011 జనవరిలో అది ఆపిల్ యాప్ స్టోర్ నుంచి పోయింది, స్టోర్ షరతులు జీపీఎల్‌కి విరుద్ధమని ఫిర్యాదు చేసింది బయటివాళ్లు కాదు, వీఎల్‌సీ డెవలపర్లలోనే ఒకరు. కాపీరైటు ఉన్న ఏ ఒక్కరైనా అడ్డు చెప్పగలరు, మెజారిటీ ఓటు పనిచేయదు. తర్వాత కోడు రాసినవాళ్లని వెతికి వెతికి అడిగి లైసెన్సు మార్చుకున్నారు. ఐఫోన్ మీదకి 2013లో తిరిగొచ్చింది.

మీ విషయంలో చూడాల్సిన తేదీలు రెండు. గిట్ లాగ్‌లో లైసెన్స్ ఫైలు మొదటిసారి చేరిన కమిట్ ఎప్పటిది? మీ రెపోలో మొదట్నుంచీ ఉందంటున్నారు, చాలా రెపోల్లో అది కోడు మొదలైన చాలా కాలానికి వస్తుంది. అంతకు ముందు ఆ అబ్బాయి రాసింది ఏమైనా ఉంటే దానికి లైసెన్సు లేనట్టే, దానికి మాత్రం అతని మెయిల్ కావాలి. రెండో తేదీ అతను ఉద్యోగంలో చేరింది. మన చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మొదటి యజమాని కంపెనీ, వేరే ఒప్పందం ఉంటే తప్ప. సాయంత్రం ఇంట్లో కూర్చుని మీ ప్రాజెక్టుకి రాసింది ఉద్యోగంలో భాగం కాకపోవచ్చు. కానీ ఐటీ కంపెనీల ఆఫర్ లెటర్లలో "పనిచేస్తున్న కాలంలో రాసిందంతా మాదే" లాంటి వాక్యాలు ఉంటాయి. చేరిన తర్వాత అతని కమిట్లు కొన్నే ఉంటే, వాటిని మళ్లీ రాసుకోవడం అతన్ని ఇబ్బంది పెట్టడం కంటే నయం.

ఇదే సెక్షన్ మీకూ తగులుతుంది, మాస్టారూ. విద్యార్థులు కాలేజీ ఉద్యోగులు కారు, మీరు ఉద్యోగి. పాఠం చెప్పడానికి జీతమిచ్చారు గాని సాఫ్ట్‌వేర్ రాయడానికి కాదని మీరనొచ్చు, నేనూ అదే అంటాను. అయినా ప్రిన్సిపాల్ గారి దగ్గర "ఈ ప్రాజెక్టు మీద కాలేజీకి హక్కేమీ లేదు, ఓపెన్ సోర్స్‌గా ఇవ్వడానికి అభ్యంతరం లేదు" అని ఒక్క పేరా కాగితం తీసుకోండి. ఇప్పుడైతే నవ్వుతూ సంతకం పెడతారు. రేపు కంపెనీ డబ్బు ప్రస్తావన వచ్చాక పెట్టరు.

మిగతావి చిన్నవి. మండలి ఫాంటు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉంది. ప్రోగ్రాముతో కలిపి ఇవ్వొచ్చు, ఫాంటు ఒక్కదాన్నే అమ్మకూడదు, దాని లైసెన్సు పాఠం పక్కన ఉండాలి. విక్షనరీ పదాల జాబితా క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ, అంటే పేరు చెప్పి అదే లైసెన్సుతో పంచుకోవాలి. దాని 4.0 వెర్షన్‌ని జీపీఎల్ 3లోకి తీసుకోవచ్చని 2015లోనే క్రియేటివ్ కామన్స్ ప్రకటించింది. అయినా కలపకండి. డేటా ఫోల్డర్లో విడిగా, ఎక్కడిదో చెప్పి, దాని లైసెన్సుతోనే ఉంచండి. అర్థాలు తీసుకోకుండా పదాలే తీసుకున్నారు కాబట్టి పెద్ద చిక్కు రాదు. మీ పిల్లలు స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు) నుంచి దించిన కోడు ముక్కలు కూడా బై-ఎస్‌ఏ కిందివే. అయిదారు లైన్లయితే నేను పట్టించుకోను, ఫంక్షన్ మొత్తం ఎత్తి ఉంటే మళ్లీ రాయించండి.

నమూనా పేజీల సంగతి ఎవరూ తలుచుకోరు. టెస్టుల ఫోల్డర్లో కథల పేజీల స్కాన్‌లు పెట్టామన్నారు. శ్రీకాకుళంలో కథల లైబ్రరీ కథానిలయం ఉన్నాక ఎవరికైనా అదే తోస్తుంది. కానీ పాత పత్రిక అయినంత మాత్రాన కథ మీద హక్కు పోదు. రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. దాన్ని పెట్టిన కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 2021లో పోయారు, ఆయన కథల మీద హక్కు 2081 చివరిదాకా వారసులదే. గురజాడ వారు 1915లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయిందేదైనా పెట్టుకోండి, ఎవరినీ అడగక్కర్లేదు. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు దండిగా ఉంటాయి కాబట్టి టెస్టుకి అవే మెరుగు కూడా.

ఇప్పుడు కాగితాల పని. ప్రతి సోర్సు ఫైలు మొదటి లైన్లో కాపీరైటు, దాని కింద ఎస్‌పీడీఎక్స్ లైసెన్స్ ఐడెంటిఫయర్ (లైసెన్సు పేరు చెప్పే పొట్టి గుర్తు) ఒక లైను. మీవాటికి ఎమ్‌ఐటీ అని. లైనక్స్ కెర్నల్ కూడా 2017 నుంచి ఎస్‌పీడీఎక్స్ లైన్లే వాడుతోంది. "లైసెన్సెస్" అనే ఫోల్డర్లో ప్రతి లైసెన్సు పూర్తి పాఠం. రీడ్‌మీలో రెండు వాక్యాలు: మా సోర్సు ఫైళ్లు ఎమ్‌ఐటీ, రిలీజుల పేజీలో ఉన్న ఈఎక్స్‌ఈ మొత్తంగా జీపీఎల్ 3. ఇలా రెండూ చెప్పకుండా ఒకటే రాయబట్టే మీకు ఆ ఇష్యూ వచ్చింది. ఈఎక్స్‌ఈ ఇచ్చినచోటే దానికి సరిపోయే సోర్సు కూడా ఉండాలి. మీ కోడొక్కటే కాదు, అందులో కలిసిన పైక్యూటీ, దాని అడుగున ఉండే క్యూటీల సోర్సు కూడా. వేరే సర్వర్‌లో ఉన్నదానికి లింకు ఇవ్వొచ్చని జీపీఎల్ 3 ఆరో సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ ఆ లింకు చచ్చిపోతే బాధ్యత మీదే, అందుకని నేనైతే ఆ వెర్షన్ల సోర్సు కట్టలు మన రిలీజులోనే పెట్టిస్తాను.

పాత రిలీజుల్లో ఆ కన్వర్టర్ కలిసిన ఈఎక్స్‌ఈలు ఇంకా ఉన్నాయి కదా, వాటిని దించేయండి. జీపీఎల్ 2 నాలుగో సెక్షన్ ప్రకారం షరతు తప్పితే హక్కు దానంతటదే రద్దవుతుంది. జీపీఎల్ 3లోలా 30 రోజుల్లో సరిదిద్దుకుంటే తిరిగొస్తుందన్న వెసులుబాటు అందులో లేదు. రాసినాయనకి మెయిల్ పెట్టేటప్పుడు ఇదీ చెప్పండి. నాకు తెలిసినంతలో ఇలా ముందుగా చెప్పినవాళ్ల మీద ఎవరూ కత్తి దూయలేదు.

విశాఖ కంపెనీ. వాళ్లకి ఎమ్‌ఐటీ ఎందుకు కావాలో అడగండి. ఆఫీసులో వాడుకోవడానికే అయితే జీపీఎల్ అడ్డే కాదు, బయటికి ఇవ్వనంత వరకు సోర్సు చూపించే బాధ్యత రాదు. ఈ సంగతి తెలియక జీపీఎల్ పేరు వింటేనే పారిపోయే మేనేజర్లు ఉన్నారు. తమ ప్రోడక్టులో కలిపి అమ్మడానికైతే వాళ్లకి కావలసింది మీ ఇంజిన్ భాగం, మీ కిటికీలూ బటన్లూ కాదు. పేజీ సరిచేయడం, టెసరాక్ట్‌ని పిలవడం, కొత్త కన్వర్టర్ ఒక విడి లైబ్రరీగా తీయండి. పైక్యూటీ దాన్ని తాకకూడదు. అప్పుడు అది నికార్సైన ఎమ్‌ఐటీ.

కిటికీలతో సహా కావాలంటే పైక్యూటీ పనే చేసే పైసైడ్6కి మారండి, అది ఎల్‌జీపీఎల్ 3. పైక్యూటీసిగ్నల్ అన్నచోట సిగ్నల్, పైక్యూటీస్లాట్ అన్నచోట స్లాట్, ఎనమ్‌ల పేర్లు కొన్ని, ఇవే ఎక్కువగా మార్చాల్సినవి. ఎల్‌జీపీఎల్ అంటే క్యూటీ భాగాన్ని వాడేవాళ్లు మార్చి పెట్టుకునే వీలుండాలి. కాబట్టి పైఇన్‌స్టాలర్‌లో అంతా ఒకే ఫైలుగా కాకుండా ఫోల్డర్‌గా కట్టించండి, డీఎల్ఎల్ పక్కనే కనబడుతుంది. ఇది నెలల పని కాదు గాని, కంపెనీ నోటి మాట మీద మొదలుపెట్టకండి. రాతలో ఏదైనా ఇచ్చాకే. వాళ్లు "కాపీరైటే మాకు రాసిచ్చేయండి" అంటే మాత్రం 19వ సెక్షన్ గుర్తుంచుకోండి: కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వాళ్ల లాయర్‌కి ఇది తెలుసు, మీకూ తెలిసి ఉండాలి. పైగా ఆ బెంగళూరు అబ్బాయి సంతకం లేకుండా అతని వంతు మీరు రాసివ్వలేరు.

ముందు ఆ కన్వర్టర్ ఫైలు పైనున్న ఇరవై ముప్పై లైన్లు, దానితో పాటు వచ్చిన రీడ్‌మీ ఉంటే అదీ ఇక్కడ పెట్టండి. "తర్వాతి వెర్షన్" అన్న మాట అందులో దొరికితే ప్రెస్సు దగ్గర కూర్చునే పని తప్పుతుంది.